కొవ్వు లేని గోష్త్, కరెంటు గ్రిల్

సావనీర్‌కు ఈసారి ఇంట్లో పనికొచ్చే సంగతి ఏదైనా రాయమని సొసైటీ పెద్దలు అడిగారు. చదువు మీద, పిల్లల క్రమశిక్షణ మీద ఇప్పటికే చాలాసార్లు రాశాం. అందుకని ఈ ఏడాది వంటింట్లోకి వెళ్తున్నాం. మాకు ఇది సరదా విషయం కాదు. మూడేళ్ల కింద మా వారి గుండెకు స్టెంట్ వేశారు. డాక్టరుగారు ఇంటికి పంపుతూ, "మాంసం మానమని చెప్పడం లేదమ్మా, కొవ్వు మానండి, వేపుడు మానండి" అన్నారు. ఆ రెండు మాటలకూ తేడా ఏమిటో మాకు అప్పుడు అర్థం కాలేదు. మాంసమే మానేశాం. ఇంట్లో ఒకరు తినకపోతే మిగతావాళ్లకు ముద్ద దిగదు. మా అత్తగారు కూడా "నాకూ వద్దు బేటీ, పళ్లు లేవు" అని పప్పుచారుకే పరిమితమయ్యారు. ఆరు నెలలు తిరగకముందే ఆమె చేతికి గాజులు వదులయ్యాయి.

డెబ్బై దాటిన మనిషికి కండ తగ్గిపోతే మళ్లీ రావడం కష్టం. రోజుకు ఒక్కో కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని మన భారత వైద్య పరిశోధన మండలి 2020 లో చెప్పింది. యాభై కిలోల మనిషికి అది సుమారు 41 గ్రాములు. చారన్నంతో అంత రాదు. తోలు తీసిన కోడి రొమ్ము మాంసం వంద గ్రాములలో 22 గ్రాముల దాకా మాంసకృత్తులు, రెండు మూడు గ్రాముల కొవ్వు ఉంటాయి. మేక తొడలోని ఎర్రటి కండ కూడా ఇంచుమించు అంతే. అంటే భయపడవలసింది కండను చూసి కాదు. అరకిలో గోష్త్ ఖుర్మాలో మనం చేతికి అడ్డు లేకుండా పోసే వంద గ్రాముల నూనె ఒక్కటే తొమ్మిది వందల కేలరీలు. ఈ లెక్క తొమ్మిదో తరగతి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాం, మా పొయ్యి మీద మాత్రం ఎన్నడూ వేసుకోలేదు.

మా ఆడబిడ్డ కొడుకు రియాద్‌లో పనిచేస్తాడు. సెలవులకు వచ్చినప్పుడు ఒక కరెంటు గ్రిల్ తెచ్చి, "ముమానీ, మామూకు దీని మీద చేసి పెట్టండి, నూనె చుక్క అక్కర్లేదు" అన్నాడు. చూడడానికి పుస్తకంలా ఉంటుంది. పైన ఒక పలక, కింద ఒక పలక, రెండూ వేడెక్కుతాయి. నడుమ మాంసం పెట్టి మూస్తే రెండు వైపులా ఒకేసారి కాలుతుంది. పలకల మీద గాడులు ఉంటాయి. కింది పలక కొంచెం వాలుగా ఉంటుంది కాబట్టి కరిగిన కొవ్వు గాడుల వెంట జారి ముందున్న చిన్న ట్రేలో పడుతుంది. ఈ వాలు పలక గ్రిల్‌ను అమెరికాలో 1994 నుంచి జార్జ్ ఫోర్‌మన్ అనే పాత కుస్తీ, కాదు, బాక్సింగ్ వీరుడి పేరుతో అమ్మారు. పది కోట్లకు పైగా అమ్ముడైందట. ఇప్పుడు అదే తరహావి మన దగ్గరా చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి. మూత లేకుండా ఒకే పలక ఉన్నవీ ఉన్నాయి, వాటి మీద ముక్కను తిప్పి కాల్చుకోవాలి.

నిజానికి వేడి రాయి మీద పలుచటి ముక్క కాల్చడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. హైదరాబాదు పత్థర్ కా గోష్త్ అదే కదా. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వేటకు వెళ్లినప్పుడు సీకులు మరిచిపోతే, వంటవాళ్లు నల్లరాతి బండ కింద నిప్పు చేసి దాని మీద గోష్త్ కాల్చారని పెద్దలు చెబుతారు. కథ ఎంతవరకు నిజమోగాని, 1890 లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది మాత్రం ఆయన పేరు మీదనే. 2016 లో జిల్లాలు మారి మన కల్వకుర్తి నాగర్‌కర్నూలు కిందికి వెళ్లినా, ఊళ్లో ముసలివాళ్లు ఇంకా పాలమూరోళ్లమనే చెప్పుకుంటారు. ఆ బండకు బదులు ఇప్పుడు కరెంటు పలక వచ్చిందనుకుంటే సరి.

మా మొదటి ప్రయత్నం మాత్రం పాడైంది. కోడి రొమ్ము ముక్కను ఉన్నది ఉన్నట్టు పెట్టి, లోపల పచ్చిగా ఉంటుందేమోనన్న భయంతో ఇరవై నిమిషాలు మూసి ఉంచాం. బయటికి తీస్తే సుద్దముక్క. మా వారు ఏమీ అనకుండా నమిలారు, నీళ్లు తాగి నమిలారు. అత్తగారు ముక్క తీసి పళ్లెం పక్కన పెట్టారు. ఎందుకలా అయిందో తెలుసుకోవడానికి మా పాత సైన్సు చదువే పనికొచ్చింది.

కొవ్వు లేని మాంసంలో నూటికి డెబ్బై అయిదు పాళ్లు నీళ్లే. మాంసకృత్తుల దారాలు ఆ నీటిని పట్టి ఉంచుతాయి. వేడి తగిలితే ఆ దారాలు ముడుచుకుంటాయి. యాభై డిగ్రీల దగ్గర కొన్ని, అరవై అయిదు డెబ్బై దాటాక మిగతావి. తడిబట్టను పిండినట్టు నీళ్లు బయటికి వస్తాయి. కొవ్వున్న మాంసంలోనైతే కరిగిన కొవ్వు నోటికి మెత్తదనం ఇచ్చి ఈ లోపాన్ని కప్పేస్తుంది. కండ మాంసానికి ఆ దాపు లేదు. అందుకని దానికి నిమిషాల లెక్క చాలా ముఖ్యం. రెండు నిమిషాలు ఎక్కువైతే ఖుర్మాకు ఏమీ కాదు, గ్రిల్ మీది ముక్క పనికి రాకుండా పోతుంది.

అలాగని పచ్చిగా తినకూడదు. కోడి మాంసం నడిమధ్యన 74 డిగ్రీల సెల్సియస్ వేడి అందాలి. మేక, పొట్టేలు ముక్కలకు 63 డిగ్రీలు అంది, తీశాక మూడు నిమిషాలు అలా ఉంచితే చాలు. ఖీమాకు 71 కావాలి. ఒకే జంతువు మాంసానికి రెండు లెక్కలెందుకని మా ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది. ముక్కకు సూక్ష్మజీవులు పైపైననే ఉంటాయి, పలక తగలగానే పోతాయి. ఖీమా కొట్టినప్పుడు పైనున్నది లోపలికి కలిసిపోతుంది, కాబట్టి లోపలిదాకా కాలాలి. వంటకు వాడే సూది థర్మామీటరు ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే వస్తున్నది. గ్రిల్ కొనగలిగినవారు అది కూడా కొనాలని మా అభిప్రాయం. రంగు చూసి, రసం చూసి చెప్పగలమనుకుంటాం గాని చాలాసార్లు పొరబడతాం. మేము ఆ సుద్దముక్క చేసింది పొరబాటున కాదు, భయంతో. సూది గుచ్చి చూసుకునే వీలుంటే ఆ భయం ఉండదు.

ఇక ముక్క కోయడం. కోడి రొమ్ము ఒక చివర లావు, ఒక చివర పలుచన. అలాగే పెడితే లావు కాలేసరికి పలుచటిది ఎండిపోతుంది. కత్తిని అడ్డంగా పోనిచ్చి పుస్తకం తెరిచినట్టు విప్పాలి, లేదా ప్లాస్టిక్ కవరులో పెట్టి రోకలిబండతో నెమ్మదిగా కొట్టి అంతటా వేలి మందం చేయాలి. మూత గ్రిల్‌లో అలాంటి ముక్కకు అయిదు నుంచి ఏడు నిమిషాలు పడుతుంది. మూత లేనిదైతే ఒక్కో వైపు అయిదారు నిమిషాలు.

మటన్‌కు మనకు తయారుగా ఉన్న మాట పసందే. కొట్టుకు వెళ్లి "గ్రిల్‌కు కావాలి" అంటే ఎవరికీ తెలియదు. "రాన్‌లో పసందే కొట్టి ఇవ్వండి, పైపొర తీసేయండి" అంటే చాలు. తొడ కండను పలుచగా కోసి కత్తి వెనకవైపుతో దంచి ఇస్తారు. ఆ తెల్లటి పొర, ఝిల్లీ అంటామే, దాన్ని తప్పకుండా తీయించాలి. వేడికి అది గుంజుకుపోయి ముక్క గిన్నెలా వంకర తిరుగుతుంది, పలకకు సగమే తగులుతుంది. అరసెంటీమీటరు మందం పసందేకు మూత గ్రిల్‌లో రెండు మూడు నిమిషాలే. మన దగ్గర పొట్టేలు మాంసం ఎక్కువ. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలోనే మన తెలంగాణది మొదటి స్థానం, కోటీ తొంభై లక్షలకు పైనే. పొట్టేలుకంటే మేకలో కొవ్వు తక్కువ. గుండె జబ్బున్నవారి కోసమైతే అడిగి మేక తెచ్చుకోవడం మంచిది.

నాటుకోడిని, మోకాలి కింది కండను, మెడను గ్రిల్ మీద పెట్టకండి. వాటిలో కీళ్లను పట్టి ఉంచే గట్టి నార ఎక్కువ. అది తడి వేడిలో గంటలకొద్దీ ఉడికితేనే జిగురుగా కరుగుతుంది. వాటికి కుక్కరే సరి. రుచికి కూడా అదే.

పచ్చి బొప్పాయి సంగతి మన ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. కాని ఎందుకు, ఎంత అన్నది చెప్పుకోవాలి. బొప్పాయి పాలలో పపేన్ అనే ఎంజైము ఉంటుంది. అది మాంసకృత్తుల దారాలను తెంపుతుంది. అరకిలో పసందేకు ఒక పెద్ద చెంచా ముద్ద, రెండు మూడు గంటలు. అంతకు మించితే మాంసం మెత్తబడదు, పిండి అవుతుంది. రాత్రంతా ఉంచి మేము ఒకసారి పలక మీద నుంచి చెంచాతో గీకి తీశాం. వేడెక్కేటప్పుడు అరవై డెబ్బై డిగ్రీల నడుమ ఆ ఎంజైము ఇంకా చురుకుగా పనిచేస్తుందని గుర్తుంచుకోవాలి. కోడికి బొప్పాయి అవసరం లేదు. గట్టి పెరుగు, అల్లం వెల్లుల్లి, కొంచెం మిరియాల పొడి, నిమ్మరసం పట్టించి మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. ఉప్పునీళ్లలో నానబెడితే కోడి ఇంకా బాగుంటుంది, లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల ఉప్పు, అరగంట. అయితే బీపీ ఉన్న ఇంట్లో ఆ పద్ధతి వద్దు, పెరుగుతోనే సరిపెట్టుకోండి. మసాలా పట్టించిన గిన్నెలో మిగిలిన ముద్దను కాలిన ముక్క మీద పూయకూడదు, అది పచ్చి మాంసం తగిలిన ముద్ద.

మన ఎండాకాలం సంగతి అందరికీ తెలుసు. నలభై డిగ్రీల వేడిలో పచ్చి మాంసం గంటకు మించి బయట ఉండకూడదు. ఫ్రీజర్‌లోది రాత్రే కింది అరలోకి దించి కరగనివ్వాలి, గట్టు మీద కాదు.

బక్రీద్ మాంసం గురించి ఒక మాట విడిగా చెప్పాలి. కోసిన కొన్ని గంటల్లో కండలు బిగుసుకుంటాయి. ఆ సమయంలో గ్రిల్ మీద పెడితే ఎంత లేత మేకైనా తోలులా ఉంటుంది. ఫ్రిజ్‌లో ఒక రోజు చల్లగా ఉంచితే మాంసంలోని ఎంజైములే దాన్ని మెత్తబరచడం మొదలుపెడతాయి. పండుగ రోజు కలేజీ, ఖుర్మా చేసుకుని, గ్రిల్ మరుసటి రోజుకు పెట్టుకోవాలి.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. గ్రిల్ చేతికి వచ్చిన ఏడాది బక్రీద్‌కు మేము తొడ కండలన్నీ, నడుము కండ అంతా ఏరి ఫ్రీజర్‌లో దాచాం. మా వారి ఆరోగ్యం కోసమే కదా అనుకున్నాం. మూడు భాగాలు తూకంలో సరిగ్గానే చేశాం, ఒక గ్రాము అటూ ఇటూ లేదు. మా గల్లీ చివర ఒంటరిగా ఉండే ఒక ఖాలా ఉన్నారు, బీడీలు చుట్టి బతుకుతారు. ఏటా ఆమెకు ఒక ప్యాకెట్ ఇస్తాం. రెండు రోజుల తర్వాత గల్లీలో కలిసి, నవ్వుతూనే, "టీచరమ్మా, ఈసారి మీ మేక బాగా బొక్కలదున్నట్టుంది" అన్నారు. ఆమెకూ షుగరు. ఆమెకూ మాకు చెప్పినట్టే కొవ్వు తినవద్దని డాక్టరు చెప్పారు. మేము ఆమెకు ఇచ్చింది చర్బీ, ఎముక. తూకం సరిగ్గానే ఉంది, భాగం సరిగ్గా లేదు. ఆ మాట విన్న రాత్రి మా వారు గ్రిల్ వైపు చూసి, "దీన్ని కొన్నాళ్లు పైన పెట్టు" అన్నారు.

అప్పటినుంచి రాన్‌ను మూడు ముక్కలుగా కొట్టించి మూడు భాగాల్లోనూ వేస్తున్నాం. దస్త్ కూడా అంతే. నిరుడు సొసైటీ తరఫున ప్యాకెట్లు కట్టేటప్పుడు ఈ మాట చెబితే కొందరు అంత పని ఎక్కడ అవుతుందన్నారు. నలుగురు పిల్లలను కూర్చోబెడితే గంటలో అయింది.

ఖాలా ఇంట్లో గ్రిల్ లేదు, కొనలేరు. అవసరం లేదు కూడా. ఈ యంత్రం చేసే పనిలో ముక్కాలు భాగం మన జొన్నరొట్టె పెనం చేస్తుంది. మందమైన ఇనుప పెనాన్ని బాగా కాచి, నీటిబొట్టు వేస్తే గంతులు వేసేలా ఉన్నప్పుడు, బట్ట ముక్కతో ఒక్క చుక్క నూనె తుడిచి పసందే పరచాలి. ఒకవైపు రెండు నిమిషాలు, తిప్పి రెండు నిమిషాలు. పైన ఇంకో బరువైన గిన్నె పెడితే ముక్క పెనానికి అంటుకుని సమంగా కాలుతుంది. కరిగిన కొవ్వు జారిపోవడానికి వాలు లేదు కాబట్టి ముందే చర్బీ బాగా తీసేసుకోవాలి. ఖాలా ఇంటి పొయ్యి మీద ఒకసారి కూర్చుని ఇద్దరం కలిసి చేసి చూశాం. మా గ్రిల్ మీదికంటే వాసన బాగుందని మా అత్తగారి తీర్పు.

కరెంటు సంగతులు కొన్ని. కొనేముందు పెట్టె మీద వాట్లు చూడండి. 750 వాట్ల చిన్నవాటి నుంచి 2000 వాట్ల దాకా ఉన్నాయి. మన ఇళ్లలో ఫ్యాను, టీవీ పెట్టే చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లది. 230 వోల్టుల మీద అది భరించగలిగేది 1380 వాట్లే. మాది 1500. తెలియక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టాం, సైన్సు టీచరు ఇంట్లోనే ప్లాస్టిక్ కరిగి వాసన వచ్చింది. ఫ్రిజ్, గీజరు పెట్టే పదహారు ఆంపియర్ల పెద్ద ప్లగ్గుకే పెట్టాలి, ఎర్తింగు ఉండాలి. సాయంత్రం వోల్టేజీ పడిపోతే వేడి కూడా పడిపోతుంది, అది కూడా మామూలుగా కాదు, వర్గం లెక్కన. 230 కి బదులు 200 వోల్టులు వస్తే 1500 వాట్ల గ్రిల్ దాదాపు 1130 కి దిగుతుంది, నాలుగో వంతు పోయినట్టే. అలాంటి రోజు ముక్క కాలదు, తన నీళ్లలో తనే ఉడుకుతుంది, తెల్లగా పాలిపోయి ఉంటుంది. పలక పూర్తిగా వేడెక్కాకే, దీపం ఆరాకే ముక్క పెట్టాలి. గ్రిల్ నిండా ముక్కలు కుక్కినా ఇదే జరుగుతుంది. ఖర్చు అంటారా, ఇరవై నిమిషాలు వాడితే అర యూనిట్.

మంట లేదు కదా, మాడినా పరవాలేదు అనుకోకండి. బొగ్గుల మీద కొవ్వు కారినప్పుడు లేచే పొగలో ఉండే చెడు పదార్థాలు దీనిలో బాగా తక్కువే. కాని ఏ పలక మీదైనా మాంసం నల్లగా మాడితే హాని చేసేవి కొన్ని పుడతాయి. బంగారు రంగు వచ్చాక తీసేయాలి, నల్లబడిన అంచు కోసి పారేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన విభాగం 2015 లో ఎర్ర మాంసాన్ని కాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న వాటిలో చేర్చింది. గ్రిల్ ఉంది కదా అని రోజూ మటన్ తినడానికి ఇది అనుమతి కాదు. మా ఇంట్లో వారానికి రెండుసార్లు కోడి, నెలకు రెండుసార్లు పసందే. మూత్రపిండాల జబ్బున్నవారు మాంసకృత్తులు ఎంత తినాలో తమ డాక్టరునే అడగాలి, మా లెక్క వారికి వర్తించదు.

ఖీమా కబాబ్ చేసేవారికి ఒక చిట్కా. చర్బీ లేని ఖీమా పట్టు నిలవదు, విరిగిపోతుంది. అరకిలోకు రెండు పెద్ద చెంచాల పుట్నాల పొడి, తురిమి గట్టిగా పిండిన ఒక ఉల్లిగడ్డ కలిపి బాగా పిసకాలి. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, అరచేతి వెడల్పున బిళ్లలు చేసి, నాలుగైదు నిమిషాలు. మూతను గట్టిగా నొక్కవద్దు, రసమంతా ట్రేలోకి పోతుంది. శనగపప్పుతో ఉడికించి రుబ్బిన శామీ కూడా ఇలాగే అవుతుంది, అది పళ్లు లేనివారికి మరీ మంచిది. మా అత్తగారికి రోజు విడిచి రోజు రెండు బిళ్లలు పెడుతున్నాం.

తీసిన ముక్కను వెంటనే కోయకండి, మూడు నుంచి అయిదు నిమిషాలు పళ్లెంలో ఉండనివ్వండి, రసం లోపల సర్దుకుంటుంది. తర్వాత నార ఎటు పోతున్నదో చూసి దానికి అడ్డంగా కోయాలి. నార వెంట కోస్తే నోట్లో దారం నమిలినట్టుంటుంది. పక్కన పచ్చి ఉల్లిగడ్డ, నిమ్మబద్ద, పుదీనా చట్నీ, ఒక జొన్నరొట్టె. పని అయ్యాక ప్లగ్గు తీసి, పలక గోరువెచ్చగా ఉండగానే తడిబట్టతో తుడవాలి. ఇనుప పీచు, కత్తి తగలనివ్వవద్దు, నాన్‌స్టిక్ పూత లేచిపోతుంది. నీళ్లలో ముంచవద్దు. ట్రేలోని కొవ్వును మోరీలో పోయకుండా చల్లారి గడ్డకట్టాక కాగితంతో తీసి పారేయండి. మొదటిసారి ఆ ట్రేలో పేరుకున్న తెల్లటి చర్బీని మా వారికి చూపిస్తే, చాలాసేపు చూసి, "ఇన్నేళ్లూ ఇది ఎక్కడికి పోయేది?" అని అడిగారు.